గోప్యత ఎవరికి? సెల్ ఫోను, చట్టం, కులం

సెల్ ఫోను వాడేవాళ్ళకు జాగ్రత్తలు చెప్పే కరపత్రాలు ఇవాళ ఎక్కడ చూసినా కనబడుతున్నాయి. బ్యాంకులు వేస్తున్నాయి, పోలీసులు వేస్తున్నారు, కాలేజీల్లో సదస్సులు పెడుతున్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దంటారు. తెలియని లింకు నొక్కొద్దంటారు. పాస్‌వర్డు గట్టిగా పెట్టుకోమంటారు. ఇవన్నీ అవసరమైన మాటలే, కాదనేవాళ్ళం కాదు. అయితే ఈ జాగ్రత్తలన్నీ ఒక మనిషిని ఊహించుకుని రాసినవి. ఆ మనిషికి బ్యాంకులో డబ్బుంది, సొంత గది ఉంది, ఇంకొకరు ముట్టని సొంత ఫోను ఉంది. అతనికి ప్రమాదం ముక్కూమొహం తెలియని దొంగ నుంచే వస్తుంది. ఇల్లు అద్దెకిచ్చినవాడి నుంచి రాదు, పని చెప్పే సూపర్‌వైజరు నుంచి రాదు, పక్క బెంచీలో కూర్చున్న విద్యార్థి నుంచి రాదు. అతని కులం నలుగురికీ తెలిస్తే అతనికి పోయేదేమీ లేదు. పైగా వచ్చేదే ఉంది.

ఈ ఊహ దగ్గరే మాకు పేచీ. దళితుల విషయంలో ఫోను నుంచి కారిపోయే సమాచారాలన్నిటిలో ప్రమాదకరమైంది కులం. ఆ సంగతి జాగ్రత్తల కరపత్రంలో లేదు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలోనూ లేదు. కరపత్రం రాసినవాడికి తట్టలేదని సరిపెట్టుకోవచ్చు. చట్టం సంగతి వేరు. అంతకుముందు ముసాయిదాలో ఉన్న మాటను తీసేసి మరీ చట్టం చేశారు. దాన్ని విమర్శించటమే ఈ వ్యాసం ఉద్దేశం.

గోప్యత గురించి మాట్లాడితే మనవాళ్ళలోనే కొందరు, అది ఉన్నోళ్ళ గొడవ, మనకు కూడూ గుడ్డా ముఖ్యం అంటుంటారు. ఇది సరైన ఆలోచన కాదని చెప్పటానికి అంబేద్కర్ జీవితంలోని ఒక్క సంఘటన చాలు. అమెరికాలో, ఇంగ్లండులో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చిన అంబేద్కర్‌కు ఆ పట్నంలో తలదాచుకునే చోటు దొరకలేదు. పార్సీల సత్రంలో పార్సీ పేరు మీద రిజిస్టరులో రాయించుకుని దిగాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని పార్సీలు వచ్చి నిలబడ్డారు. నువ్వెవరని నిలదీశారు. సాయంత్రానికల్లా ఖాళీ చెయ్యమన్నారు. ఆయన ఖాళీ చేశాడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే ఈ సంగతి రాసుకున్నాడు. అక్కడ ఆయనకు పోయింది తలమీద కప్పు. పోవటానికి కారణం ఒకే ఒక్క సమాచారం బయటపడటం. కూడూ గుడ్డా వేరు, గోప్యత వేరు అనుకునేవాళ్ళు ఈ సత్రం రిజిస్టరు గురించి ఆలోచించాలి.

పల్లెలో దళితుడికి గోప్యత ఏనాడూ లేదు. మనిషి పేరు చెప్పకముందే వాడ తెలుస్తుంది. ఎవరింట్లో ఏం కూర వండారు, ఎవరి పిల్లవాడు కొత్త చొక్కా తొడిగాడు, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడింది అన్నీ ఊళ్ళో అరుగుల మీద లెక్కకొచ్చేవి. అదే సమయంలో దొరగారి ఇంట్లో ఏం జరిగినా బయటికి పొక్కేది కాదు. అంటే పల్లెలో గోప్యత ఉంది, కాకపోతే అది కులాన్ని బట్టి పంచిపెట్టబడింది. అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో పల్లెను అంత తీవ్రంగా విమర్శించటం వెనక ఈ అనుభవం ఉంది. పట్నం దళితుడికి ఇచ్చింది ఉద్యోగం, చదువు మాత్రమే కాదు. బస్సులో పక్కన కూర్చున్నవాడికి మనమెవరో తెలియకపోవటం, హోటల్లో టీ గ్లాసు ఇచ్చేవాడు మన తండ్రి పేరు అడగకపోవటం. పల్లె విడిచి కష్టపడి సంపాదించుకున్న ఆస్తి ఇది.

ఆ ఆస్తిని సెల్ ఫోను వెనక్కి లాక్కుంటున్నది. ఎట్లాగో చూద్దాం.

మొదటిది చిరునామా. మన రెండు రాష్ట్రాల్లోనూ దళితుల ఇళ్ళకు చిరునామా అంటే ఎస్సీ కాలనీ, హరిజనవాడ, అంబేద్కర్ కాలనీ, అరుంధతీ నగర్. ఆధార్ కార్డు మీద అదే ఉంటుంది. సిమ్ము తీసుకోవాలన్నా, గది అద్దెకు తీసుకోవాలన్నా, వాయిదాల మీద ఫోను కొనాలన్నా ఆ కార్డు జిరాక్సు ఇవ్వాల్సిందే, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాల్సిందే. కార్డు మీద కులం అనే గడి లేదు. అవసరం కూడా లేదు. కులాన్ని చిరునామాయే చెబుతుంది. మహారాష్ట్ర ప్రభుత్వం 2020 డిసెంబరులో వాడల కులం పేర్లు తీసేసి వేరే పేర్లు పెట్టాలని నిర్ణయించింది. మంచిదే. కానీ పేరు మార్చినంత మాత్రాన వాడ ఊరికి ఆ చివర నుంచి ఈ చివరకు రాదు. అది ఎక్కడుందో మ్యాపు చూపిస్తూనే ఉంటుంది.

రెండోది పేరు. మన నెంబరును ఎవరెవరు తమ ఫోనులో ఏ పేరుతో రాసుకున్నారో మనకు తెలియదు. ఇంటిపేరుతో రాసుకునేవాళ్ళుంటారు, పనితో రాసుకునేవాళ్ళుంటారు, కులంతో కలిపి రాసుకునేవాళ్ళూ ఉంటారు. ఫోను చేసింది ఎవరో చూపించే యాప్‌లలో కొన్ని ఇట్లా ఒకరి ఫోను పుస్తకంలోని పేర్లను పోగుచేసి ఇంకొకరికి చూపించే పద్ధతి మీద నడిచినవే. మన అనుమతి అక్కరలేదు, అవతలివాడు సరేనంటే చాలు. ఊళ్ళో మనల్ని పిలిచిన పిలుపు పట్నంలో మనకంటే ముందు చేరుతుంది.

మూడోది పని. తిండి పొట్లాలు ఇంటికి తెచ్చే కుర్రవాడి పేరు, ఫోటో, అతను ఏ మలుపులో ఉన్నాడన్నది తెప్పించుకునేవాళ్ళకు కనబడుతుంటాయి. 2022 జూన్‌లో లక్నోలో ఇట్లాంటి కుర్రవాడొకడు, పేరు అడిగి దళితుడని తెలుసుకుని పొట్లం తీసుకోమన్నారని, మొహాన ఉమ్మి కొట్టారని ఫిర్యాదు చేస్తే అత్యాచారాల నిరోధక చట్టం కింద పోలీసు కేసు నమోదయింది. బరోడా సత్రానికీ లక్నో ఇంటి గుమ్మానికీ మధ్య నూరేళ్ళు దాటాయి. పేరు అడగటం మాత్రం ఆగలేదు. ఇప్పుడు అడగాల్సిన అవసరమూ తగ్గిపోయింది.

నాలుగోది అప్పు. 2020లో లాక్‌డౌన్ తరవాత వాయిదాల అప్పుల యాప్‌లు తెలంగాణలో ఎంత పని చేశాయో పాఠకులకు తెలుసు. ఆ ఏడాది డిసెంబరులో వరస ఆత్మహత్యలు జరిగాక హైదరాబాదు పోలీసులు అరెస్టులు చేశారు. ఈ యాప్‌లు తాకట్టు అడగలేదు. ఫోనులోని నెంబర్లన్నీ, ఫోటోలన్నీ తీసుకున్నాయి. వాయిదా తప్పితే ఆ నెంబర్లన్నిటికీ ఫోన్లు చేసి, ఫోటోలు మార్చి పంపి పరువు తీశాయి. పల్లెలో అప్పిచ్చినవాడు ఇంటిముందు కూర్చుని నలుగురూ వినేట్టు తిట్టేవాడు. అదే పద్ధతి. ఇంటిముందుకు బదులు మన ఫోను పుస్తకం ముందు కూర్చున్నారు. భూమి, బంగారం ఉన్నవాడు వాటిని తాకట్టు పెడతాడు. అవి లేనివాడు తన బంధువులనూ స్నేహితులనూ తన మానాన్నీ తాకట్టు పెట్టాల్సి వచ్చింది. అప్పుల యాప్‌లు ఫోను పుస్తకాన్ని, ఫోటోలను ముట్టరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో గాని నిబంధన పెట్టలేదు.

ఈ నాలుగు దారులూ మన చేతిలో ఉన్న ఫోనుకు సంబంధించినవి. మన చేతికి ఇంకొకరు కట్టిన వస్తువు సంగతి మరీ దుర్మార్గం. చండీగఢ్, పంచకుల, నాగపూర్ మునిసిపాలిటీలు పారిశుధ్య కార్మికుల చేతులకు జీపీఎస్ గడియారాలు కట్టాయి. మనిషి ఎక్కడున్నాడో, ఎప్పుడు ఆగాడో ఆఫీసులో తెర మీద కనబడుతుంది. దాన్నిబట్టి హాజరు, దాన్నిబట్టి జీతం. చండీగఢ్‌లో 2020లో కార్మికులు వీటికి వ్యతిరేకంగా ఆందోళన చేశారు. గడియారంలో కెమెరా, మైకు కూడా ఉన్నాయని, మరుగుదొడ్డికి పోవాలన్నా భయంగా ఉందని ఆడవాళ్ళు చెప్పారు. చీపురు పట్టేవాళ్ళలో అత్యధికులు దళితులని వేరే చెప్పనక్కరలేదు. ఇదే రకం గడియారాన్ని షోకుగా కొనుక్కుని పొద్దున నడకలో అడుగులు లెక్కపెట్టుకునేవాళ్ళున్నారు. వస్తువు ఒకటే. ఒకడు దాన్ని విప్పి బల్ల మీద పెట్టుకోగలడు. ఒకడు విప్పితే జీతం కోత. కాబట్టి సాంకేతిక పరిజ్ఞానం మంచిదా చెడ్డదా అనే చర్చ వ్యర్థం. విప్పే హక్కు ఎవరికి ఉందన్నదే ప్రశ్న.

ఇక చట్టం దగ్గరకొద్దాం. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా చెప్పింది. పుట్టస్వామి కేసుగా ఇది ప్రసిద్ధం. ఆధార్ మీద నడిచిన పోరాటం నుంచి పుట్టిన తీర్పు ఇది. ఆ పోరాటంలో మనవాళ్ళు లేరనుకోవటం పొరపాటు. ఆదాయపు పన్నుకు ఆధార్ ముడిపెట్టటాన్ని ప్రశ్నిస్తూ 2017లో సుప్రీంకోర్టుకెక్కినవారిలో సఫాయి కర్మచారి ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ ఒకరు. కోలారు బంగారు గనుల్లో తెలుగు దళిత కుటుంబంలో పుట్టినవాడు. పాకీపని నిర్మూలన కోసం జీవితం ధారపోసిన మనిషి గోప్యత కోసం కోర్టుకు పోవటం యాదృచ్ఛికం కాదు. మనిషిని పనితోనూ కులంతోనూ ముద్రవేసి ఎక్కడికిపోయినా వదలకుండా వెంటాడటం అంటే ఏమిటో ఆయనకు తెలుసు.

తీర్పు తరవాత చట్టం రావాలి. 2019లో పార్లమెంటులో పెట్టిన బిల్లులో సున్నితమైన వ్యక్తిగత సమాచారం అని ఒక తరగతి ఉంది. ఆరోగ్యం, మతం, రాజకీయ విశ్వాసం వంటి వాటితో పాటు కులం లేక తెగ అన్నది కూడా ఆ జాబితాలో ఉంది. అలాంటి సమాచారాన్ని వాడుకోవాలంటే ఎక్కువ కట్టుబాట్లు ఉంటాయన్నారు. ఆ బిల్లును 2022లో వెనక్కి తీసుకున్నారు. 2023 ఆగస్టులో వచ్చిన చట్టంలో ఆ తరగతే లేదు. ఈ చట్టం దృష్టిలో ఒక మనిషి ఏ సైజు చెప్పులు కొన్నాడన్నదీ అతనిది ఏ కులమన్నదీ ఒకటే రకం సమాచారం. అన్నిటినీ సమానంగా చూస్తున్నామని సమర్థించుకుంటారు. అసమానుల్ని సమానంగా చూడటం అంటే ఏమిటో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. రిజర్వేషన్లను వ్యతిరేకించేవాళ్ళ నోట ఈ సమానత్వాన్ని చాలాసార్లు విన్నాం.

ఇంకొకటుంది. సమాచారం ఇచ్చే మనిషికి కూడా ఈ చట్టం విధులు పెట్టింది. ఇంకొకరిగా నటించకూడదు. ప్రభుత్వ గుర్తింపు పత్రాల కోసం ఇచ్చే వివరాల్లో ముఖ్యమైన విషయం దాచకూడదు. తప్పితే పదివేల రూపాయల దాకా జరిమానా. పార్సీ పేరుతో సత్రంలో దిగిన మనిషి ఈ నిబంధన కిందికి వస్తాడా రాడా అనేది వకీళ్ళు తేల్చాల్సిన విషయం. మేము చూసేది చట్టం చూపు ఎటు ఉందన్నదే. కులం పేరు చెబితే ఇల్లు దొరకని సమాజంలో పేరు దాచుకున్నవాణ్ణి అనుమానించింది. పేరు అడిగేవాడికి కులం విషయంలో ప్రత్యేకమైన అడ్డు ఏదీ పెట్టలేదు.

పైగా ఇదే చట్టంతో సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షనును మార్చారు. ఆ మార్పు 2025 నవంబరులో అమల్లోకి వచ్చింది. ఇదివరకు వ్యక్తిగత సమాచారమైనా ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వాలని ఆ సెక్షనులోనే ఉండేది. ఇప్పుడు వ్యక్తిగత సమాచారం అంటే చాలు, తిరస్కరించవచ్చు. ప్రజా ప్రయోజనం కోసం ఇవ్వొచ్చుననే 8(2) సెక్షను మిగిలే ఉంది, కాని అధికారి మొదట పట్టుకునేది తిరస్కరించే సెక్షనునే. సబ్‌ప్లాను నిధులు ఎవరికి పోయాయి, కార్పొరేషను రుణాలు ఎవరి పేరుతో ఎవరు తిన్నారు, మస్టర్లలో దొంగపేర్లు ఎవరివి అని అడిగే దళిత కార్యకర్తకు పేర్లే కదా కావాల్సింది. గోప్యత పేరు చెప్పి ఆ పేర్లు ఇవ్వరు. పారిశుధ్య కార్మికురాలు ఎన్ని నిమిషాలు ఆగిందో ఆఫీసుకు తెలియాలట. ఆఫీసు ఎవరికి ఎంత ఇచ్చిందో ఆమెకు తెలియకూడదట. పల్లెలో దొరగారి ఇంటికీ వాడకూ మధ్య గోప్యత ఎట్లా పంపకమైందో ఇక్కడా అట్లాగే పంపకమయింది.

కోర్టుల ఆలోచనలోనూ ఈ పంపకం కనబడుతుంది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళెవరూ లేనిచోట కులం పేరుతో తిడితే అది నలుగురికీ కనబడే చోట అవమానించటం కిందికి రాదని 2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గోడలు తిట్టినవాడిని కాపాడాయి. 2022 జులైలో కేరళ హైకోర్టు మాత్రం ఇంటర్నెట్‌లో పెట్టిన తిట్టు ఎప్పుడు ఎవరు చూసినా నలుగురిలో తిట్టినట్టేనని చెప్పింది. ఇది మనం గట్టిగా పట్టుకోవాల్సిన తీర్పు.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. మన ఉద్యమం కులాన్ని దాచుకోమని ఎన్నడూ చెప్పలేదు గదా? నిజమే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మొదలైనాక పేరు చివర మాదిగ అని రాసుకోవటం ఆత్మగౌరవ ప్రకటన అయింది. కులం చెప్పుకుంటే సిగ్గుపడే రోజులు పోయాయని చాటింది ఆ ఉద్యమం. మేము దాన్ని వెనక్కి తిప్పమనటం లేదు. అయితే పేరు చివర తానే రాసుకోవటం వేరు, ఇంకొకడు ఫోనులో చూసి పట్టుకోవటం వేరు. మొదటిదాంట్లో మాట మనది, సమయం మనది, పక్కన మనవాళ్ళుంటారు. రెండోదాంట్లో అద్దె గదిలో ఒంటరిగా దొరికిపోతాం. ఎప్పుడు చెప్పాలి, ఎవరికి చెప్పాలి అన్నది మన చేతిలో ఉంటేనే చెప్పటం ఆత్మగౌరవం అవుతుంది.

అట్లాగే కులాల లెక్క కావాలని అడిగేదీ మనమే. తెలంగాణలో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి సర్వేలో ఎస్సీలు 17.43 శాతమని, ఎస్టీలు 10.45 శాతమని తేలింది. జనగణనలో కులం లెక్కిస్తామని కేంద్రం 2025 ఏప్రిల్ 30న ప్రకటించింది. ఈ లెక్కలు ఉండాల్సిందే. లేకపోతే వాటా అడగలేం. కాని ఎస్సీలు ఎంతమంది అన్న లెక్క ఒకటి, ఫలానా ఇంటి నెంబరులో ఎస్సీ ఉన్నాడన్న సంగతి ఇంకొకటి. మొదటిది అందరికీ తెలియాలి. రెండోది గణించిన అధికారి దాటి పోకూడదు. మొదటిదాన్ని తొక్కిపెట్టటానికి గోప్యత సాకు చెబితే ఒప్పుకోరాదు. రెండోదాన్ని వ్యాపారులకు వదిలేస్తే ఊరుకోరాదు. ఈ తేడాను చట్టంలో రాయించటం దళిత ఉద్యమం పనే.

కులం మారి పెళ్ళి చేసుకునేవాళ్ళకు ఇది చావు బతుకుల సమస్య. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ప్రకారం పెళ్ళికి ముందు నోటీసు ఇవ్వాలి, దాన్ని ఆఫీసులో అంటించాలి, ముప్ఫై రోజులు అభ్యంతరాల కోసం ఆగాలి. గోడకంటించిన కాగితానికి కాస్త హద్దుంది. కేరళలో ఈ నోటీసులను ఫోటోలతో సహా ఇంటర్నెట్‌లో పెడితే మతోన్మాదులు వాటిని వాట్సాప్‌లో తిప్పారు. 2020 జులైలో అక్కడి ప్రభుత్వం అట్లా పెట్టటం ఆపేసింది. నోటీసు అంటించటం జంట ఇష్టానికి వదలాలని అలహాబాదు హైకోర్టు 2021 జనవరిలో చెప్పింది. మనదగ్గర 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో పెరుమాళ్ళ ప్రణయ్‌ను ఆసుపత్రి ముందు నరికిన దృశ్యం సీసీ కెమెరాలో పడింది. కేసుకు అది పనికొచ్చింది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు శిక్షలు వేసింది. కాని కెమెరా హత్యను ఆపలేదు. ఆ దృశ్యం మాత్రం ఫోను నుంచి ఫోనుకు తిరిగి, చూడకూడనివాళ్ళందరి కళ్ళబడింది. పెళ్ళికి ముందు దాచాల్సిన వివరం బయటపెట్టటం, చనిపోయాక దాచాల్సిన శరీరాన్ని తిప్పటం. కులాంతర వివాహం చేసుకున్నవాళ్ళకు రెండు చోట్లా గోప్యత దక్కలేదు.

కార్యకర్తల ఫోన్లు కూడా ఈ లెక్కలోవే. పెగాసస్ అనే గూఢచారి పరికరంతో గురిపెట్టిన ఫోన్లలో తమది ఉందని 2019లో తెలిసినవారిలో ఆనంద్ తేల్తుంబ్డే ఒకరు. అది కొద్దిమందికి వచ్చే ప్రమాదం అనుకున్నా, ఫోను పోలీసుల చేతికి పోతే అందులోని సాక్షుల పేర్లు, బాధితుల ఫోటోలు, ఊరి నుంచి మాట్లాడినవాళ్ళ నెంబర్లు అన్నీ పోతాయన్నది ప్రతి కార్యకర్తకూ వర్తిస్తుంది.

మరి ఏం చెయ్యాలి? మన చట్టం మన దగ్గరే ఉంది. 2015లో సవరించిన అత్యాచారాల నిరోధక చట్టంలో 15-ఎ అనే సెక్షను చేర్చారు. తీర్పుల్లో, జనానికి అందుబాటులో ఉండే రికార్డుల్లో సాక్షుల పేర్లు, చిరునామాలు కనబడకుండా చెయ్యమని ప్రత్యేక కోర్టు ఆదేశించవచ్చునని అందులో ఉంది. సమాచార రక్షణ చట్టానికి ఎనిమిదేళ్ళ ముందే, దళితుడి చిరునామా బయటపడటం ప్రాణాపాయమని పార్లమెంటు ఒప్పుకుందన్నమాట. అక్కడ ఒప్పుకున్నదాన్ని 2023లో ఎందుకు మరిచిపోయారని మనం అడగాలి. కోర్టుల్లో ఈ సెక్షను కింద దరఖాస్తులు వెయ్యాలి. కులాన్ని, కులాన్ని పట్టిచ్చే చిరునామాను సున్నితమైన సమాచారంగా చట్టంలో చేర్చమని కోరాలి. కార్మిక సంఘాలు గడియారాల మీద, ముఖాల ఫోటో హాజరు మీద జీతాల డిమాండుతో సమానంగా బేరమాడాలి. హాస్టళ్ళలో, సంఘాల్లో ఇచ్చే జాగ్రత్తల పాఠం మనమే రాసుకోవాలి. ఆధార్ జిరాక్సు అడిగిన ప్రతివాడికీ ఇవ్వక్కరలేదు, చిరునామా కనబడని రుజువు చాలినచోట అదే ఇవ్వాలి. ఏ యాప్ ఫోను పుస్తకం అడిగినా కాదనాలి, ఎందుకంటే అందులో ఉన్నవి మన నెంబర్లు కావు, మనవాళ్ళవి. నిజనిర్ధారణకు పోయినప్పుడు బాధితురాలి మొహం, ఇల్లు, వీధి మలుపు వీడియోలో పడకుండా చూడటం సంఘం నియమం కావాలి. సాక్షుల పేర్లు వాట్సాప్ గ్రూపులో రాయకుండా ఉండటం కూడా.

కారంచేడు, చుండూరు జరిగిననాడు సెల్ ఫోన్లు లేవు. ఎవరి ఇల్లెక్కడో చంపటానికి వచ్చినవాళ్ళకు తెలుసు. ఆ తెలియటం నుంచి తప్పించుకునే మనం పట్నాలకొచ్చాం. ఇప్పుడు ఆ తెలియటం వ్యాపారమై మన జేబుల్లోకే వచ్చింది. జాగ్రత్తల కరపత్రం వేసేవాళ్ళు ఓటీపీ దగ్గర ఆగిపోతారు. అక్కడి నుంచి మనం మొదలుపెట్టాలి.